వానలో మూలమలుపు

“పెద్దమ్మా, గేర్లు లేని బండి పెట్టుకోరాదు? దానంతట అదే పోతది,” అంది నీరజ.

“వద్దు బిడ్డా. గేర్లదే గావాలె,” అంది అన్నమ్మ, స్టీరింగు వదలకుండా.

ఆమె వెనక బాలాజీ, వాడి స్నేహితులు గుర్రుగా నిలబడి ఉన్నారు. మిర్యాలగూడ బస్టాండు దగ్గర నీరజ నడిపే ఆ గేమ్ జోన్‌లో కారు రేసు మిషన్ ఒక్కటే ఉంది. ఆదివారం వచ్చిందంటే దానికోసం కుర్రాళ్లు వరస కడతారు. అలాంటిది వేములపల్లిలో ప్రార్థన కాగానే ఆటో ఎక్కి వచ్చి, తెల్లచీర కొంగు నడుముకు చుట్టి, చెప్పులు విప్పి, యాభై దాటిన మనిషి ఆ సీటు కబ్జా చేస్తే వాళ్లకు మండదా మరి.

నీరజకు మాత్రం మంటకన్నా ఆరా ఎక్కువ. ఈమె ఎప్పుడొచ్చినా ఒకటే వరస. సముద్రం పక్కన పోయే రోడ్డు, దాని మీద వాన, చేత్తో గేర్లు మార్చుకునే బండి. రోడ్డు ఎడమకు గిర్రున తిరిగేచోట బండి జారి నీళ్లలో పడుతుంది. మళ్లీ మొదటినుంచి. గెలుపు అక్కర్లేదట, ఆ ఒక్క మలుపు దాటితే చాలట. ఎందుకో తెలుసుకోకపోతే నీరజకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

“పోనీ, వాన తీసేద్దామా? ఎండల అయితే అల్కగ దాటుతవు.”

“ఎండల ఎవలైన దాటుతరు. వానల దాటొచ్చునా లేదా, గదొక్కటే నాకు తెల్వాలె. తెల్వకుంటే కంటికి నిద్ర రాదు.”

“అక్కా, మా వంతు ఎప్పుడొస్తది? పెద్దమ్మ గా మూలకాడనే ఇల్లు కట్టుకునేటట్టున్నది,” అన్నాడు బాలాజీ.

కుర్రాళ్లు నవ్వారు. అన్నమ్మ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. “ఆ కాలువ కాడికి రాంగనే బండి జారిపోతున్నది బిడ్డా. ఏం జేయాలె?”

“కాలువ గాదు పెద్దమ్మా, సముద్రం.”

“ఏదైతేంది. నీళ్లే గద.”

నీరజ ఇక ఉండబట్టలేక సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. “సూడు. బండి జారంగనే నువ్వు బ్రేకు గట్టిగ తొక్కుతున్నవ్. భయమైతే ఎవలైన గదే చేస్తరు. గట్ల తొక్కితే బండి నీ మాట ఇనదు. మూల రాకముందే ఎక్స్‌లేటర్ మీదికెల్లి కాలు తియ్యి. ఒక గేరు కిందికి గుంజు. బ్రేకు జర ముట్టి ఇడిశిపెట్టు. ఎనక టైర్లు జారుతయి, జారనియ్యి. అవి ఎటు జారితే స్టీరింగు అటే తిప్పు.”

“జారే దిక్కే తిప్పాల్నా? పానం ఇంకో దిక్కు గుంజుతది గద.”

“గుంజుతది. అందుకే గది నేర్సుకుంటెనే వస్తది.”

మళ్లీ వాన, మళ్లీ మలుపు. బండి నీళ్లలో పడింది. మరోసారి గోడకు గుద్దుకుని పడింది. ఇంకోసారి గేరు మరిచి పడింది. చూస్తున్నవాళ్లకు ఏం పుట్టిందో గానీ, ఇంతసేపూ గొణిగిన నోళ్లే సలహాలు చెప్పసాగాయి. బాలాజీ అయితే సీటు వెనక వంగి, తన బండే అన్నట్టు “గేరు, పెద్దమ్మా, గేరు” అంటున్నాడు.

అన్నమ్మ కాలు తీసింది. గేరు గుంజింది. బ్రేకును అలా తాకి వదిలేసింది. బండి వెనక భాగం నీళ్లవైపు జారింది. ఆమె పళ్లు బిగబట్టి స్టీరింగు అటే తిప్పింది. టైర్లు అంచు వరకూ పోయి, అక్కడినుంచి మళ్లీ రోడ్డు మీదికొచ్చాయి. మలుపు వెనకబడిపోయింది.

కుర్రాళ్లు ఈలలేశారు. “కొట్టినవ్ పెద్దమ్మా,” అన్నాడు బాలాజీ.

అన్నమ్మ స్టీరింగు వదిలేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంతోషిస్తుందనుకున్న నీరజ ఆమె ముఖంలోకి వంగి చూసింది.

“ఏమైంది? దాటినవ్ గద.”

“దాటొచ్చన్నట్టు,” అంది అన్నమ్మ. “ఎంత చేసినా దాటరాదేమో అనుకుంటి. దాటొచ్చన్నట్టు.”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె నీరజ చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నిజం చెప్పు బిడ్డా. బండి జారుడు ఎన్నడు ఎరుగనోడు, వానల మొదటిసారి జారితే, ఇట్ల బండిని తిప్పుకొస్తడా?”

నీరజ బాలాజీ వంక చూసింది. ఆ మిషన్ మీద వాణ్ని మించినవాడు లేడు. వాడు తల గోక్కున్నాడు.

“మొదటిసారి ఎవనితోని గాదు పెద్దమ్మా. నేనే ఎన్నిసార్లు నీళ్లల్ల వడ్డనో నాకే తెల్వదు.”

“నువ్వు గూడ బ్రేకే తొక్కినవా?”

“బ్రేకే తొక్కిన. భయానికి కాలు దాని మీదికే పోతది.”

అన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసి ఒక నంబరు నొక్కింది. ఎంతోసేపు మోగాక అవతల ఎవరో ఎత్తారు. నమ్మలేనట్టు “అమ్మా?” అన్న గొంతు నీరజకు కూడా వినబడింది.

“చిరంజీవీ, ఇగ సూర్యాపేటల ఉండుడు సాలు, ఇంటికి రా కొడుకా,” అంది అన్నమ్మ. “ఆ దినం కాలువ కాడ స్టీరింగు నీ చేతుల్ల గాక ఎవల చేతుల్ల ఉన్నా మీ నాయిన దక్కేటోడు గాదురా.”