అర్నుల్ఫో కాఫీకి డెబ్బై ఎనిమిది

“డెబ్బై ఎనిమిది,” అంది యురానీ, చెంచా నీళ్ల గ్లాసులో ముంచుతూ.

అర్నుల్ఫో టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “ఇంకోసారి తాగు.”

“మూడుసార్లు తాగాను, దోన్ అర్నుల్ఫో. అయిదు కప్పులూ ఒకేలా ఉన్నాయి.”

“ఎలా ఉన్నాయట?”

యురానీ కాగితం చూసింది. “తడిసిన అట్టపెట్టె. కొంచెం పచ్చి వేరుశెనగ.”

“పోయినేడూ అట్టపెట్టే అన్నావు. అసలు అట్టపెట్టెలు నువ్వెప్పుడు తిన్నావమ్మా?”

పితాలితో అనే ఊళ్లో, కాఫీ రైతుల సంఘంలో అది రుచి చూసే గది. అక్కడ యురానీ మాటే చెల్లుతుంది. చెంచాతో కాఫీ తీసుకుని, పక్క వీధికి వినపడేలా జుర్రుకుని, నోరంతా తిప్పి, డబ్బాలో ఉమ్మేసి, వందకి మార్కులేస్తుంది. ఎనభై వస్తే అది ప్రత్యేక కాఫీ. తోట పేరు సంచీ మీద అచ్చేసి సముద్రాలు దాటిస్తారు. రాకపోతే ఊళ్లోవాళ్లందరి గింజలతో కలిపి ఒకే కుప్పలో పోసేస్తారు. వరసగా మూడేళ్లు ఎనభై రానివాళ్ల పేరు ప్రత్యేక జాబితాలోంచి కొట్టేస్తామని ఈ ఏడు కొత్తగా నోటీసు అంటించారు. అర్నుల్ఫోకి ఇది మూడో ఏడు.

అతని తోట పేరు ఎల్ దెస్కీతె. అంటే కసి తీర్చుకోవడం. పెట్టింది వాళ్ల నాన్న. ఎవరి మీద కసో చెప్పకుండానే పోయాడు. అది పై తోట లిబార్దో మీదే అయ్యుంటుందని అర్నుల్ఫోకి రెండేళ్లుగా అనిపిస్తోంది. లిబార్దో కాఫీకి ఎనభై ఏడొచ్చింది. ‘మల్లెపూలు, పీచ్ పండు’ అని యురానీ రాసిచ్చిన కాగితాన్ని పటం కట్టించి, ముందుగదిలో యేసుప్రభువు పక్కన తగిలించాడు, ప్రభువుని కాస్త జరిపి. అప్పట్నుంచి ఆ మనిషి పరామర్శకి వెళ్లినచోట సూప్ ఇచ్చినా ముందు జుర్రుకుని, కళ్లు మూసుకుని, “కొత్తిమీర. వెనకాల కొంచెం నారింజ” అంటున్నాడు. పోయినాయన భార్య ఏడుపు ఆపి మరీ వింది.

“ఇక్కడ సంతకం పెట్టండి,” యురానీ కాగితం జరిపింది.

“పెట్టను. రుచికి తెచ్చిన గింజల మూట మా ఆవిడ కట్టింది. బస్సులో నేను ఒళ్లోంచి దించలేదు. పక్కావిడ కాసేపు పిల్లని పట్టుకోమంటే పట్టుకోలేదు. మారిస్తే ఈ గుమ్మం లోపలే మార్చుండాలి.”

“అంటే నేను మార్చానా?”

“నువ్వని నేనన్లేదు. లిబార్దో మీ అమ్మకి వరసకి అన్న అని మాత్రం అన్నాను.”

“మీకూ అన్నేగా.”

“నాకిష్టం లేని అన్న.”

యురానీ చెంచా బల్ల మీద పెట్టింది. “నిన్న మూట మీ ముందే విప్పాను. మీ ముందే వేయించాను. వేయించిన గింజల డబ్బాకి మీరే తాళం వేశారు, ఇవాళ మీరే తీశారు. తాళంచెవి ఇంకా మీ జేబులోనే ఉంది.”

అర్నుల్ఫో జేబు తడుముకున్నాడు. ఉంది.

“అయితే తప్పు నీ నాలుకది,” అన్నాడు.

“దోన్ అర్నుల్ఫో.”

“కొట్టెయ్, నా పేరు. రేపట్నుంచి ఈ గుమ్మం ముందే కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ నా కాఫీ నేనే పోస్తాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఉమ్మితే, ఆ సాయంత్రమే చెట్లన్నీ నరికేస్తాను.”

అని సంచీలోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది పొద్దున మా పొయ్యి మీద కాచింది. అదే కొండ, అవే చెట్లు, ఈ ఏటి కోతే. నువ్వు వంక పెట్టకుండా బెల్లం కూడా వెయ్యొద్దన్నాను. తాగు.”

“ఇలాంటివి లెక్కలోకి రావు.”

“లెక్కకి కాదు. పెద్దవాడు పోస్తే తాగడానికి.”

ఆ మాటకి కాదనలేక యురానీ కప్పు అందుకుంది. జుర్రుకుంది. నోట్లో తిప్పింది. అలవాటుగా డబ్బా వైపు వంగి, అలాగే ఆగిపోయింది. తర్వాత మింగేసింది.

ఈ గదిలో ఆ అమ్మాయి మింగడం అర్నుల్ఫో ఎప్పుడూ చూడలేదు.

ఆమె ఇంకో కప్పు పోసుకుంది. అదీ మింగింది. ఫ్లాస్కు మూత బిగించి, మెల్లగా అడిగింది. “ఎవరిదిది?”

“చెప్పానుగా, మాదే.”

“చల్లారినా మల్లెపూల వాసనొస్తోంది. ఇది తొంభైకి తగ్గదు. నిజం చెప్పండి, లిబార్దో దగ్గర కొన్నారా?”

అర్నుల్ఫోకి జన్మలో ఇంత అవమానం జరగలేదు. ఇంత పొగడ్తా దక్కలేదు. ఏది ముందు పట్టించుకోవాలో తెలీక టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“వేరేవాళ్ల గింజలు తెచ్చి మావంటే పేరు కొట్టెయ్యడంతో పోదు,” అంది యురానీ. “సంఘంలోంచే తీసేస్తారు. రేపు మీ పిల్లల్ని కూడా చేర్చుకోరు.”

“తీసేయించు. ముందిది విను.” ఫోన్ తీసి, ఇద్దరికీ వినపడేలా పెట్టి, బల్ల మధ్యలో ఉంచాడు. “డియోసెలీనా, పొద్దున ఫ్లాస్కులో పోసిన కాఫీ ఎక్కడిది?”

అవతల కోళ్ల గోల. “ఎక్కడిదేంటయ్యా, మన కొట్టంలో బస్తాల్లోదే. ఏం, విరిగిందా ఫ్లాస్కు?”

“విన్నావా?” అన్నాడు అర్నుల్ఫో, గడ్డం పైకెత్తి.

యురానీ ఫోన్ మీదికి వంగింది. “దోన్యా డియోసెలీనా, మాకు పంపిన మూటా ఆ బస్తాల్లోంచే కట్టారా?”

“మీ మూటా? అందులోంచి ఎందుకు కడతానమ్మా?”

“మరి?” అన్నాడు అర్నుల్ఫో.

“ఎలాగూ ఉమ్మేస్తారన్నావుగా, మనం ఏరి పారేసే గింజలే ఏటా కట్టి ఇస్తున్నాను.”