ఒక్క ఏడాదికి సంతకం

సంచి అడుగున ఉన్ని మేజోళ్ళు పరిచి వాటి మీద బనియన్లు సర్దుతోంది వెర్నా. ప్రతి బట్టకీ లోపలివైపు నల్ల సిరాతో పేరు రాసింది: ఒ. హావ్రిలుక్. సిరా ఆరిందో లేదో వేలితో తడిమి చూసుకుంటోంది.

"మేజోళ్ళకి కూడా పేరెందుకే?" కిటికీ దగ్గర కుర్చీలోంచి అడిగాడు ఒరెస్ట్.

"అక్కడ అందరివీ ఒకేచోట ఉతుకుతారట. కలిసిపోతాయి."

"నిజమే. పోయిన జట్టులో నా మేజోళ్ళు గోల్‌కీపర్ వేసుకు తిరిగాడు. వాడి కాళ్ళు కంపు కొట్టకపోయేసరికి దొరికిపోయాడు."

విన్న మాటే అయినా వెర్నా నవ్వింది.

"ఆ మేనేజరు వస్తాడంటావా?"

"పదింటికన్నారు. వస్తారు."

"నేనెందుకు వాళ్ళకి? కుర్రాళ్ళు వరసకట్టి ఉంటారు."

ఆమె ఇంకో బనియన్ మడత పెట్టింది. ఉన్నది ఒక్కటే చోటు, శుక్రవారం దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తాం అని మేనేజరు టెసియే ఫోనులో చెప్పాడు. ఇవాళ శుక్రవారం. ఒరెస్ట్ సంతకం పెట్టకపోతే ఇంకో చలికాలం ఇంట్లో ఇలాగే గడపాలి. అది తన వల్ల కాదు. పోయిన ఫిబ్రవరిలో అతను హాకీ కర్ర భుజాన వేసుకుని, కోటైనా లేకుండా, ఊరి చివరి మంచు మైదానానికి నడిచి వెళ్ళిపోయాడు. ఇద్దరు పొరుగువాళ్ళు వెనక్కి తీసుకొచ్చారు. ఆట లేకపోతే బతకలేడు పాపం అన్నారు.

సంతకం పెడితే? అది కూడా తన వల్ల కాదు.

టెసియే వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చి, ముందు ఒరెస్ట్‌కి చెయ్యిచ్చాడు. అలా మొదలుపెట్టమని వెర్నాయే చెప్పింది.

"ఒరెస్ట్ గారూ, ఉన్నమాట చెప్తాను. మొదటి వరసలో ఆడమని మిమ్మల్ని అడగం."

"నాకు ముప్పై తొమ్మిదండీ. దాచేదేం లేదు. మోకాళ్ళ సంగతి మా ఆవిడ చెప్పిందా?"

టెసియే వెర్నా వైపు చూశాడు. వెర్నా సంచి వైపు చూసింది.

"డాక్టరు కాగితాలన్నీ చూశాం."

"చూసి కూడా కావాలంటున్నారా?"

"కావాలి."

"ఎన్నాళ్ళకి?"

"ముందు ఒక్క ఏడాది. తర్వాత చూసుకుందాం."

ఒరెస్ట్ భార్య వైపు తిరిగాడు. "విన్నావా? ముసలి గుర్రాన్ని ఇలాగే కొంటారు. పరిగెడితే లాభం, కూలబడితే గడ్డి మిగులు. వాళ్ళకి పోయేదేం లేదు." మళ్ళీ టెసియేతో, "తప్పు పట్టడం లేదండీ. మీ కుర్చీలో ఉంటే నేనూ ఇదే బేరం చేస్తాను. గదిలో నాతో ఎవరు?"

"ఒకాయన. మాట తక్కువ."

"అయితే గోల్‌కీపరే."

టెసియే నవ్వి కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఒరెస్ట్ కలం తీసుకున్నాడు. అంతలో సంచి కేసి చూసి ఆగాడు.

"స్కేట్లేవీ?"

వెర్నా చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది.

"పదునున్నవేవీ తేవద్దండీ," అన్నాడు టెసియే. "అక్కడ మేమే చూసుకుంటాం."

"సొంత స్కేట్లు లేకుండా మంచు మీద ఎవడాడతాడు?" కలం బల్ల మీద పెట్టేశాడు ఒరెస్ట్. "ఇదేం జట్టు?"

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"అడుగు బ్లేళ్ళు పదును పట్టడానికిచ్చాను," అంది వెర్నా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను పంపిస్తాగా."

ఒరెస్ట్ ఆమె ముఖం చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో అతనికి ఆమె చెప్పిన అబద్ధాలు చాలా తక్కువ.

"ఎడమది ముందు పట్టమను," అన్నాడు చివరికి. "కుడిది ముందు పడితే అచ్చిరాదు."

"చెప్తాను."

"ఇంకొక్కటి. నన్నడక్కుండా వేరే జట్టుకి ఇచ్చెయ్యకూడదు. పాతవాళ్ళం అందరం రాయించుకునే షరతే. నాలుగు ఊళ్ళు మారామండీ. నన్ను మార్చిన ప్రతిసారీ గిన్నెలు కాగితాల్లో చుట్టి కట్టింది ఈవిడే. మళ్ళీ చుట్టించను."

అచ్చేసిన ఆ కాగితాల్లో అలాంటి మాటకి చోటే లేదు. టెసియే కాసేపు తటపటాయించి, అంచు మీద చేత్తో రాశాడు. 'ఒరెస్ట్ హావ్రిలుక్‌ను ఇక్కడి నుంచి వేరే చోటికి పంపము.'

"చదువు, వెర్నా. నా కళ్ళద్దాలు కనపడటం లేదు."

చదివింది. రెండోసారి చదవమన్నాడు. రెండోసారి 'పంపము' దగ్గర ఆగి, దగ్గి పూర్తిచేసింది.

"ఈవిడకి ముందు వరసలో సీటు?"

"ఎప్పుడొచ్చినా ఉంటుందండీ."

ఒరెస్ట్ సంతకం పెట్టాడు, పిల్లలకి ఆటోగ్రాఫు పెట్టిచ్చినట్టు పెద్ద అక్షరాలతో, కింద గీతతో సహా. టెసియే కాగితం వెర్నా ముందుకి జరిపాడు.

"ఆవిడ సంతకం కూడానా?"

"కొత్త నియమమండీ."

"మంచి నియమం. ఎన్నడూ అడగలేదు ఎవరూ ఈవిణ్ణి."

వెర్నా పెట్టింది. తేదీ కూడా తనే వేసింది.

టెసియే సంచి అందుకోబోతే ఒరెస్ట్ ఒప్పుకోలేదు. "ఆటగాడి సంచి ఆటగాడే మొయ్యాలి." రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ దించి, ఊపిరి తీసుకున్నాడు. బయట గోధుమ కోతల దుమ్ము ఎండలో తేలుతోంది. అతని కోటు గుండీ ఒకటి తప్పు కన్నంలో ఉంటే వెర్నా విప్పి సరిగ్గా పెట్టింది. తర్వాత అక్కర్లేకపోయినా పై గుండీ కూడా విప్పి మళ్ళీ పెట్టింది.

"ఏడుస్తావేమే? ఏప్రిల్‌లో వచ్చేస్తాను. గెలుస్తూపోతే మే అవుతుంది, అంతే."

"గెలవకు," అంది.

అతను నవ్వి ఆమె నుదురు ముద్దుపెట్టుకున్నాడు. కారు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మతి తప్పిన వృద్ధుల ఆశ్రమానికి అలా వెళ్ళిన ఎనభై ఒక్కేళ్ళ ఒరెస్ట్ ఇంటికి తిరిగి రాలేదు. ఫిబ్రవరి పదకొండున అక్కడే పోయాడు.