ఒట్టెయ్యని సాయంత్రం

"పిల్ల నెత్తి మీద సెయ్యేసి ఒట్టెయ్యి, ఇంకెప్పుడూ తాగనని!" బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ గుమ్మంలో కూతుర్ని ముందు నిలబెట్టి, మొగుణ్ణి ఆపేసింది పైడమ్మ.

"ఎయ్యను," అన్నాడు సన్యాసిరావు.

"అచ్ఛా! ఇన్నాళ్ళూ అడక్కుండానే ఏసీవోడివి. చర్చి ఎనక మీటింగని సెప్పి, ఎక్కడ తాగొచ్చావు?"

"మీటింగుకే ఎల్లానే. అందరూ నాలాటి తాగుబోతులే, తాగుడు మానేద్దామని వొచ్చినోళ్ళు. ఎప్పటికీ తాగనని అనొద్దన్నారు. ఈ ఒక్కరోజు తాగకపోతే సాలన్నారు."

"అంటే రేపు తాగుతావా?"

"రేపటి సంగతి నాకు తెల్దు. ఒట్టేసిన పెతిసారీ తాగాను. దీని నెత్తి మీద ఇంకో అబద్ధం ఎట్టలేను."

పైడమ్మ దగ్గరికొచ్చి అతని నోరు వాసన చూసింది. టీ వాసనే. పిల్లని పక్కకి తీసుకుని గుమ్మం వదిలింది.

"రేపూ ఉంటాదేటి, ఆ మీటింగు?"

"ఉంటాది."

"అయితే పెందలాడే వొండెత్తాను."