మూడోసారి తుప్పు

"దారిలో నేల ఊడిపోయి పిల్ల రోడ్డు మీద పడితే?"

బండి ఇంకా ఇంటి ముందు నుంచి అంగుళం కదలలేదు. అమ్మమ్మ అప్పుడే మనవరాలిని రోడ్డు మీద పడేసింది.

"పడదమ్మా!" అంది కూతురు, సామాన్లు సర్దుతూ.

వంటగట్టు, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ ఇరికించిన పాత మోటార్‌హోమ్ అది. ఇల్లు ఖాళీ చేసి, మూడేళ్ల పిల్లతో ఏడాదిపాటు అందులోనే ఊళ్లు తిరుగుతారట కూతురూ అల్లుడూ. అమ్మమ్మ దాన్ని చక్రాల డబ్బా అనేది. అడుగున కాస్త తుప్పు ఉంది. అది బాగుచేయించగానే ప్రయాణం.

మెకానిక్ వచ్చి, అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాడు. వైర్ బ్రష్‌తో పొద్దంతా గీకాడు.

"సందుల్లో మట్టి పేరుకుంది. వారంపాటు రోజూ నీళ్లు కొట్టండి. వచ్చి నల్లపూత వేస్తాను. ఇక ఎక్కడికైనా వెళ్లొచ్చు."

అల్లుడు పైపు అందుకోబోయాడు. అమ్మమ్మ అడ్డం పడింది.

"మీ కడుగుడు నాకు తెలియదా బాబూ? గ్లాసు కడిగితే నురగ అందులోనే ఉంటుంది. నేను చూసుకుంటాను."

రోజూ ఇంట్లో ఎవరూ లేవకముందే బకెట్టూ చెంబూ పట్టుకుని బయల్దేరేది. మోకాళ్లు పీకుతున్నా వంగి, ఒక్క సందు వదలకుండా నీళ్లు చిమ్మేది. ఆ వారమంతా కూరలు చప్పగా ఉన్నాయి. బెంగతో అమ్మకి చెయ్యి కుదరడం లేదనుకుంది కూతురు.

మెకానిక్ మళ్లీ వచ్చి చూస్తే, గీకిన చోటల్లా ఎర్రటి తుప్పు.

"ఆహా, ఏం పనితనం!" అంది అమ్మమ్మ. "బ్రష్ పట్టుకున్న ప్రతివాడూ మెకానిక్కే!"

"దాని మీదే పూసెయ్యవయ్యా, ఎవడు చూస్తాడు?" అన్నాడు అల్లుడు.

"తుప్పు మీద పూస్తే లోలోపలే తినేస్తుంది సార్. ఆ పని నేను చెయ్యను."

మళ్లీ గీకి, మళ్లీ వారం నీళ్లు కొట్టమన్నాడు. ప్రయాణం వారం వాయిదా పడింది.

ఆ వారం తర్వాతా అంతే. మళ్లీ తుప్పు. మళ్లీ గీకుడు. మళ్లీ వాయిదా.

మూడోసారి ఇంకా ఎక్కువైంది.

"చూశావా మీ మొనగాణ్ణి?" అమ్మమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "ఇతగాణ్ణి నమ్ముకుని నా మనవరాలిని ఊళ్లు తిప్పుతారా? ఇంకో నాలుగుసార్లు గీకితే బండి పోయి బ్రష్ మిగులుతుంది!"

ఇరవై ఏళ్లుగా బండ్ల కిందే బతికిన మనిషి. ముఖం మాడిపోయింది. మళ్లీ కిందికి దూరాడు. కాసేపటికి బయటికొచ్చి, తెల్లగా ఏదో అంటిన వేలిని నాలుక మీద పెట్టుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"సముద్రం ఒడ్డున గానీ నిలబెట్టారా సార్?"

"వాకిలే దాటలేదు."

"మరి ఇంత ఉప్పెక్కడిది?"

"కుళాయి నీళ్లలో ఉందేమో..." నసిగాడు అల్లుడు.

"ఆ నీళ్లే కదా మీరూ తాగుతున్నారు!"

కూతురు మెల్లగా తల్లి వైపు తిరిగింది.

"అమ్మా?"

అమ్మమ్మ మనవరాలిని చంకనెత్తుకుని, బండి చక్రం వంక చూసింది.

"బకెట్టుకి రెండు గుప్పెళ్లే కదే వేశాను," అంది.