కూర్చోమంటేనే కూర్చుంటుంది

“కూర్చో నాయనా. నువ్వట్ల తిరుగుతాంటే మాకు దడగా ఉంది,” అంది రూతమ్మ.

శుభాకర్ కూర్చున్నాడు. రెండు నిమిషాలకే లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బయట నీడలో నిలిపిన తన బండిని చూసి, మళ్లీ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

ప్రొద్దుటూరులో ఆ చర్చి వెనక గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం పదిమంది దాకా చేరతారు. అందరిళ్లలోనూ ఎవరో ఒకరు కువైట్‌ పోయినవాళ్లే. రూతమ్మ కూడా అక్కడ పద్నాలుగేళ్లు వంటపని చేసింది. తిరిగొచ్చాక ఈ కూటం మొదలుపెట్టింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ నీతులు చెప్పరు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు.

శుభాకర్‌ది పులివెందుల. బోరు మోటర్లు బాగుచేసే షాపు ఉంది. తెలిసినవాళ్లు కనబడని చోటు కావాలని ముద్దనూరు మీదుగా ఇంత దూరం బండి మీద వస్తున్నాడు. ఇది మూడో ఆదివారం. రెండు వారాలూ ఒక్క మాట మాట్లాడకుండా టీ తాగి వెళ్లిపోయాడు.

“ఈరోజన్నా చెప్పు. లోపల పెట్టుకుంటే నీకే చేటు,” అంది రూతమ్మ.

శుభాకర్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“మా ఇంటామె అక్కా. ఎస్తర్. పొద్దున నాలుక్కు లేస్తాది. ఇల్లంతా బండలు కడుగుతాది. కడిగినవే మళ్లా కడుగుతాది. అందరూ తిన్నాక వంటింట్లో నిలబడి, మిగిలింది తింటాది. రాత్రి ఆడనే, స్టవ్వు పక్కన కింద పండుకుంటాది.”

“మంచం ఇయ్యలేదా?” అంది గుల్జార్‌బీ. ఆమె కూతురు రెండేళ్లుగా కువైట్‌లోనే ఉంది.

“మంచం ఉంది. ఆమె దాని మీద పండుకోదు.”

“భయం. నాకు తెలుసు ఆ భయం. కుర్చీలో కూర్చుంటాదా?”

“కూర్చోమంటే కూర్చుంటాది. చెప్పకపోతే గంటైనా గోడకానుకోని నిలబడతాది.”

కోడల్ని పంపిన హనుమంతయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఇవన్నీ నీకెట్ల తెలుసప్పా? ఆమె చెప్పిందా?”

“ఆమె ఏం చెప్పదు. నేనే చూసినా.”

“వీడియోలో కనపడింటాది పాపం,” అని గుల్జార్‌బీ తనే జవాబు చెప్పేసుకుంది.

శుభాకర్ ఏదో అనబోయాడు. ఇంతలో టీ గ్లాసులు వచ్చాయి. తీసుకున్న గ్లాసును తాగకుండా కిటికీలో పెట్టి గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు.

“తలుపుకు తాళమేస్తారా?” అన్నాడు హనుమంతయ్య.

“లేదన్నా. తలుపు తెరిచే ఉంటాది. ఆమే గడప దాటదు. సరుకులకు పోవాలన్నా, పోయి రానా అని అడుగుతాది. సరే అన్నా కదలదు.”

“నీతో మాట్లాడుతాదా?” అంది రూతమ్మ.

“అడిగిన దానికి బదులు. అంతే. మా పాప ఇంటర్ చదువుతాంది. దాన్ని కూడా ‘మీరు’ అంటాది. పాప అది విన్నప్పుడల్లా బాత్రూంలోకి పోయి ఏడుస్తాంది.” అతను కిటికీ వైపు తిరిగాడు. “పోను, నాకు భయంగా ఉందని ఎస్తర్ ఆ పొద్దే చెప్పింది అక్కా. రెండేండ్లే కదా అని నేనే పంపినా.”

రూతమ్మ లేచి అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి కింద కూడా నిలకడగా ఉండలేకపోయాడు.

“నిన్న ఇంకొకటైంది. గ్లాసు కడుగుతాంటే జారి పగిలింది. ఆమె ముక్కలు ఏరలా. గోడకానుకోని కండ్లు మూసుకుంది. దెబ్బ కోసం చూస్తాంది అక్కా.”

“కొట్టినారా?”

“లేదు. ఎవరూ చెయ్యెత్తలా. అయినా శానాసేపు అట్లనే నిలబడింది.”

“నిన్న కొట్టకపోతే అంతకుముందు కొట్టింటారు,” అంది గుల్జార్‌బీ.

“అవును,” అన్నాడు శుభాకర్.

“ఆ ఇంటోళ్లు మనుషులేనా?” హనుమంతయ్య చేతిలోని గ్లాసును బల్ల మీద గట్టిగా పెట్టాడు.

“ఆ ఇంటోళ్లు చెడ్డోళ్లు కాదన్నా. ఏం చెయ్యాలో వాళ్లకు తెలీడంలా.”

“పెండ్లాన్ని అంత పాట్లు పెడతాంటే వాళ్లను వెనకేసుకొస్తాండావా?”

“అది కాదన్నా…”

“ఉండు హనుమంతయ్యా,” అని రూతమ్మ ఆపింది. “అరిస్తే పని కాదు. ఈమెను ఆ ఇంట్లోంచి బయటికి తేవాల. అంతే కదా శుభాకర్?”

“అంతే అక్కా. ఎట్లన్నా తేవాల. అందుకే వచ్చినా. నాకు చేతకావడంలేదు.”

రూతమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసి కళ్లజోడు పెట్టుకుంది. ఎంబసీ పనులు చూసే మనిషి ఒకామె అక్కడ తనకు తెలుసునని, ఇంతకుముందు ఇద్దరిని అలాగే విడిపించామని చెప్పింది. గుల్జార్‌బీ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“పేరు ఎస్తర్. కువైట్‌ పోయి ఎన్నేండ్లు?”

“తొమ్మిది.”

“ఇప్పుడు ఆమె ఉండే ఇల్లు యాడ? వీధితో సహా చెప్పు, రాసుకుంటా.”

శుభాకర్ నడక ఆగిపోయింది. ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. తర్వాత తల దించుకుని, నేల వైపే చూస్తూ చెప్పాడు.

“మా ఇల్లేనక్కా, ఆమె తిరిగొచ్చి ఆర్నెల్లయింది.”