మదాం పెరషోన్ తిట్లు

"ఇప్పుడు పైనుంచి ఒకావిడ తిడుతుంది. భయపడకండి, లియాన్‌లో చూడాల్సిన వాటిలో అదీ ఒకటి," అన్నాను. నా వెంట వచ్చిన యాత్రికులు నవ్వారు.

ఈ పాతపేటలో ఇళ్ల మధ్యగా పోయే ఇరుకు దారుల్ని చూపించడమే నా పని. నడవా దాటి లోపలి వాకిట్లోకి రాగానే, గుండ్రటి మెట్ల బురుజు చూపిస్తూ కావాలనే గొంతు పెంచాను. రోజూ మమ్మల్ని తిట్టే మదాం పెరషోన్ కిటికీ తెరుచుకోలేదు.

ఇంకా గట్టిగా మాట్లాడాను. ఈసారి తెరుచుకుంది. ఆవిడ భర్త తొంగిచూశారు. ఇన్నేళ్లలో ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మదాం లేరా, మెస్యూ? తిట్టేవాళ్లు లేక మాకేం తోచడం లేదు!"

"నాకూ అంతేనమ్మా. నిన్ననే లోయాస్ శ్మశానంలో మట్టి చేసి వచ్చాం."

నాకు మొహం చెల్లలేదు. "క్షమించండి. తెలియక గోల చేశాం. వెళ్లిపోతాం."

"వెళ్లకు. రోజూ కాఫీ తాగి, 'ఇంకా రాలేదేం ఆ వాగుడుకాయ' అంటూ కిటికీ దగ్గర కూర్చునేది, నీ కోసమే."

ఆయన గొంతు సవరించుకున్నారు. కిటికీ చట్టం పట్టుకుని, అచ్చం ఆవిడలాగే అరిచారు.

"సిగ్గు లేదూ! ఇది ఇల్లనుకున్నారా, సంతనుకున్నారా..."



ఫ్రెంచి రాని యాత్రికులు, నేను ముందే చెప్పిన తిట్లు ఇవేననుకుని, ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆపమని చెయ్యెత్తాను.

"కొట్టనీ అమ్మా," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. "అవి ఆమెకే."