బూజుకర్ర పౌరుషం

ఒక వడ్రంగి ఇంటి పెరట్లో చిన్న పనికొట్టం ఉండేది. వానలు పట్టుకుని పనులు ఆగిపోవడంతో వడ్రంగి అటు తొంగిచూడటమే మానేశాడు. ఇంకేముంది, ఒక సాలీడు వచ్చి గోడకు వేలాడే రంపం పళ్ల మధ్య దర్జాగా గూడు కట్టుకుంది.

రంపానికి తల కొట్టేసినట్టయింది. "టేకు దుంగల్ని చీల్చిన పళ్లివి! మర్యాదగా దిగిపో!" అని గద్దించింది.

"కోప్పడకు బాబాయ్," అంది సాలీడు. "ఎవరూ చెయ్యి వెయ్యని చోటు చూసుకునే నేను కాపురం పెడతాను. నీకు పని తగిలిన రోజున నువ్వు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను."

పండక్కి తప్ప కదలని బూజుకర్ర మూల నుంచి పకపకా నవ్వింది. "దానితో మాటలేంటి మామా? నేనున్నానుగా! రేపు చూడు, దాని పని పడతాను!"

ఆ రేపు రాకముందే వానలు వెలిశాయి. ఎవరో చంటిబిడ్డకు ఉయ్యాల కావాలని వచ్చారు. వడ్రంగి రంపం అందుకున్నాడో లేదో గూడు చిరిగిపోయింది, సాలీడు అన్న మాట ప్రకారం దిగి వెళ్లిపోయింది. రంపం సాయంత్రందాకా పొట్టు రాలుస్తూ తళతళా మెరిసింది.

మళ్లీ గోడెక్కాక ఆ సంబరం చెప్పుకుందామని మూలవైపు చూసింది. బూజుకర్రకు తల నుంచి కాలిదాకా కొత్త సాలెగూడు! మధ్యలో సాలీడు హాయిగా కునుకు తీస్తోంది.

"ఇదేంటి అల్లుడూ?" అంది రంపం నవ్వాపుకుంటూ.

"నువ్వేం కంగారుపడకు మామా," అంది బూజుకర్ర గూట్లోంచి. "రేపు చూడు, దాని పని పడతాను!"